రెండు వందల పదకొండు నుంచి పంతొమ్మిది దాకా

మా నెంబర్ల మేస్త్రికి కంటికి కనిపించిన ప్రతి వస్తువు మీదా నెంబరు వేసే జబ్బు ఉంది. దానికి మందు లేదు, ఉన్నా ఆయన వాడడు. ఆ జబ్బుతోనే ఆయన ఒకసారి ఇంజనీరుతో గొడవపడి గెలవడం నా కళ్లతో చూశాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా పాత మేడకు వీధి వైపు ఎనిమిది కిటికీలు. మేడను కొన్న బిల్డరు వెనక ఖాళీ స్థలంలో ఫ్లాట్లు కట్టబోతున్నాడు. వాటిని కొనడానికి వచ్చేవాళ్లకు ముందు భాగం ముచ్చటగా కనిపించాలని కిటికీ రెక్కలన్నీ ఊడదీయించి రంగులు వేయించాడు. మళ్లీ బిగించేసరికి ఐదు కిటికీలు మూసుకున్నాయి, మూడు మొరాయించాయి. బిల్డరు తరపు ఇంజనీరు వడ్రంగిని పిలిచి, "ఆ మూడింటినీ అర అంగుళం చిత్రిక పట్టెయ్" అన్నాడు.

మా మేస్త్రి నింపాదిగా వచ్చి, నేల మీద పెట్టిన కిటికీ రెక్క మీద కూర్చున్నాడు.

"లే మేస్త్రీ, పని జరగాలి."

"తప్పు చెక్కది కాదండీ, చోటుది. ఒకదాని చోట్లో ఇంకోటి పెట్టారు."

"ఎనిమిదీ ఒకటే కొలత. ఏది ఎక్కడ పెడితే ఏంటి?"

"మీ అన్నదమ్ములందరివీ ఒకటే కొలత చెప్పులైనా, మీరు మీవే వేసుకుంటారు కదండీ."

"ఊడదీసేటప్పుడు నెంబర్లు వేశానన్నావుగా, ఏవీ మరి?"

"మీ రంగులాయన గీకేశాడు. నా పుస్తకంలోవి గీకలేదు. ఏ రెక్కకు ఏ మూల ఏ మచ్చ ఉందో అందులో ఉంది."

"లేస్తావా, లేపించమంటావా?"

"లేపించండి. కింద నూరేళ్ల టేకు, పైన నేను. ఇద్దరం కలిస్తే బరువే."

గంటసేపు అలాగే కూర్చున్నాడు. చివరికి ఎనిమిదీ ఊడదీసి ఆయన పుస్తకం ప్రకారం మళ్లీ బిగించారు. మేస్త్రి వరసగా నడుచుకుంటూ వెళ్లి ఎనిమిది కిటికీలనూ చిటికెన వేలితో మూశాడు. ఎనిమిదోది ఇంజనీరు కోసం రెండుసార్లు మూశాడు. ఆ వేడుక చూస్తూ నేను ఇస్త్రీ పెట్టె ఎత్తడం మరిచిపోయాను. కాలరు కాలిన ఆ చొక్కా కూడా ఇంజనీరుదే. ఆ రోజు ఆయనకు బాగాలేదు.

ఇక నా సంగతి. ఆ మేడ మెట్ల కింద ముప్పై ఒక్క ఏళ్లుగా ఇస్త్రీ చేస్తున్నాను. ముందు బల్ల, వెనక నా మంచం. నా మొగుడు చనిపోయిన ఏడు అప్పటి ఇంటావిడ పిలిచి, "మెట్ల కింద ఖాళీగానే ఉంది, అక్కడ ఉండి నీ పని చేసుకో" అంది. ఆ మాటే నాకు కాగితం. బడి మూడో తరగతితో మానేశాను కానీ, ఎవరి చొక్కా ఎవరిదో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు. చదువుకున్నవాళ్లలో ఎంతమంది ఆ మాట అనగలరో నాకు తెలియదు.

మేస్త్రి పని వేరు. పాత కట్టడాన్ని రాయి రాయిగా విప్పి, పాడైనవి బాగుచేసి, మళ్లీ ఉన్నది ఉన్నట్టు నిలబెట్టడంలో ఆయనకు మించినవాడు లేడు. ఏ రాయి ఏ చోటిదో తెలియాలంటే నెంబరు వేయాల్సిందే. అంతవరకు న్యాయమే. ఆ సుద్దముక్కను పని అయ్యాక అక్కడే పడేయకుండా చెవి వెనక పెట్టుకుని ఇంటికి వెళ్లడమే అన్యాయం.

ఇంట్లో గిన్నెలకు నెంబర్లు, మూతలకు నెంబర్లు. ఆరో మూత నాలుగో గిన్నె మీద కనిపిస్తే ఆయనకు ముద్ద దిగదు. వాళ్లావిడ చీరలు ఇస్త్రీకి తెచ్చినప్పుడల్లా నా దగ్గర కూర్చుని చెప్పుకునేది.

"మొన్న ఏం చేశాడో తెలుసా వదినా. తెల్లారి లేచేసరికి నా పక్కన గోడ మీద పదకొండు అని ఉంది. ఇదేంటయ్యా అంటే, నువ్వు పడుకునే చోటు అన్నాడు."

"మరి పది ఎవరు?"

"ఫ్యాను."

"మేలే. ఫ్యాను తర్వాతైనా గుర్తున్నావు."

ఒకసారి కుటుంబమంతా కలిసి ఫొటో దిగారు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో మేస్త్రి రాసిపెట్టుకున్నాడు. మరుసటి ఏడు మళ్లీ ఫొటో దిగుదామని అందరినీ అవే చోట్లలో నిలబెట్టాడు. ఈలోగా ఆయన బావమరిదికి పొట్ట పెరిగింది. మూడో నెంబరు చోట్లో ఆయన పట్టలేదు, నాలుగో నెంబరు వదినగారు గోడకు అతుక్కుపోయింది.

"బావా, ఇంకాస్త జరగమను."

"ఎవరూ జరగరు. నువ్వే అనుమతి లేకుండా విస్తరించావు. పాత కొలతకు రా, అప్పుడు ఫొటో."

ఆ ఫొటో ఇప్పటికీ దిగలేదు.

ఆసుపత్రిలో చేరినా అంతే. మా మేడ మీద గదిలో ఉండే నర్సమ్మ అప్పుడు అక్కడే డ్యూటీలో ఉంది. ఆపరేషన్ అయి మత్తు దిగగానే మనిషన్నవాడు నొప్పి అంటాడు, దాహం అంటాడు. ఈయన, "నర్సమ్మా, ఈ మంచానికి నాలుగు కోళ్లూ తారుమారు చేశారు, అందుకే ఊగుతోంది" అన్నాడట. రెండు రోజుల తర్వాత చూస్తే నాలుగు కోళ్ల మీదా నెంబర్లు ఉన్నాయి, మంచం ఊగడం లేదు. ఆపరేషన్ అయినవాడు మంచం ఎలా ఎత్తాడో డాక్టరుకు అంతు చిక్కలేదు.

ఇలా నవ్వుకుంటూ ఉండగానే మా మెడ మీదికి వచ్చింది. పాత కట్టడాల ఆఫీసు వాళ్లు మేడను కూల్చకూడదని, విప్పి బాగుచేసి మళ్లీ నిలబెట్టాలని బిల్డరుకు చెప్పారు. పని రెండేళ్లు. అప్పటిదాకా అందరూ ఖాళీ చేయాలి. అద్దె కాగితాలు ఉన్న పదకొండు కుటుంబాలూ పని అయ్యాక వెనక్కి రావచ్చు. అన్నిటినీ రాసి నెంబర్లు వేసే పని మా మేస్త్రికే ఇచ్చారు. కూలి ఇచ్చేది మాత్రం బిల్డరే.

ఇంజనీరు చొక్కాలు తీసుకోవడానికి వచ్చి, చేతిలోని కాగితం చూస్తూ నాతో అన్నాడు.

"ఇక్కడ కరెంటు మీటర్లు వస్తాయమ్మా. ముప్పై రెండు."

"మరి నేనెక్కడికి వస్తాను బాబూ?"

"మీ దగ్గర కాగితం ఏమన్నా ఉందా?"

"నీ చొక్కాలకు నేను కాగితం అడిగానా?"

నవ్వి చొక్కాలు తీసుకుని వెళ్లిపోయాడు. నాకు నవ్వు రాలేదు. ఆ వయసులో కొత్త వీధిలో కొత్త గిరాకీని వెతుక్కోవడం నా వల్ల అయ్యే పని కాదు. అద్దె గదికి పోతే ఇస్త్రీ బల్ల వేసుకోనిచ్చేది ఎవరు? సిగ్గు విడిచి మేస్త్రిని అడిగాను. నేను ఒకరిని అడగడం అదే మొదలు.

"ఏమయ్యా, ఆ ఇంజనీరుతో ఒక మాట చెప్పకూడదూ?"

"చూద్దాం అక్కా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి నా గోడ మీద నెంబర్లు వేయడం మొదలుపెట్టాడు.

"ఏంటా గీతలు?"

"రెండు వందల పద్నాలుగు."

"అంకెలు నాకూ వచ్చు. ఎందుకని అడుగుతున్నా."

"గోడలో గూడు ఉంది కదా, దానికి."

"దీపం పెట్టుకునే గూటికి నెంబరెందుకయ్యా, అదేమన్నా బస్సా?"

"కొంచెం జరుగు అక్కా, నీ వెనక రెండు వందల పదిహేను ఉంది."

నా ఒళ్లు మండిపోయింది. నెంబరు పడిందంటే ఊడదీసుకుపోతారని అప్పటికి నాకు తెలిసిన సంగతి. ఇంజనీరుతో మాట చెప్పమంటే, ఇంజనీరు పనే ముందు నా దగ్గర మొదలుపెట్టాడు. ఆయన వీధి మలుపు తిరగగానే, బట్టల మీద నీళ్లు చల్లే చెంబులో గుడ్డ ముంచి తొమ్మిది నెంబర్లూ తుడిచేశాను.

మర్నాడు వచ్చి చూశాడు. మళ్లీ తొమ్మిదీ రాశాడు. నేను మళ్లీ తుడిచాను.

"సుద్ద అయిపోవడం లేదా మేస్త్రీ?"

"నీ గుడ్డ చిరిగిపోవడం లేదా అక్కా?"

నెల రోజులు ఇదే. ఆయన రాయడం, నేను తుడవడం, మధ్యలో నేను తిట్టడం. ఏళ్ల తరబడి నా చేత చొక్కాలు ఇస్త్రీ చేయించుకున్నవాడు బిల్డరుకు అమ్ముడుపోయాడని వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పాను. వాళ్లావిడ చీరలు తెస్తే అవి కూడా మొహం తిప్పుకునే తీసుకున్నాను. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే అదే వరసలో, అవే చోట్లలో రాసి, చెవి వెనక సుద్ద పెట్టుకుని వెళ్లేవాడు.

తనిఖీ రోజు వచ్చింది. ఆఫీసు నుంచి కళ్లజోడు మేడం ఒకావిడ వచ్చింది. ఒక చేతిలో మేస్త్రి పుస్తకం, ఇంకో చేతిలో ఎర్ర కలం. వెనక ఇంజనీరు, ఆ వెనక మేస్త్రి. ముగ్గురూ ముందు మేడ మీదికి వెళ్లారు. ఆ రోజు కూడా మేస్త్రి తెల్లవారుజామునే రాసి వెళ్లాడు. నేను కూడా తుడిచాను. తడి గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది.

నర్సమ్మ పైనుంచి గబగబా దిగి వచ్చింది.

"పిన్నీ, నా గదిలో దీపం తగిలించే కొండీకి నెంబరు చెరిగిపోయింది. ఆవిడ పుస్తకంలో అడ్డంగా కొట్టేసింది."

"మంచిదే కదే. తీసుకుపోరు."

"తీసుకుపోవడం కాదు పిన్నీ. నేనూ నీలాగే అనుకున్నా. పుస్తకంలో ఉండి, గోడ మీద కూడా కనిపిస్తేనే ముద్ర. ముద్ర పడ్డదే మళ్లీ అదే చోటికి వస్తుందట. కొట్టేస్తే ఇక బిల్డరు ఇష్టం."

నేను గోడ వైపు చూశాను. నీళ్ల తడి తప్ప ఏమీ లేదు. నా చేతులతో నేనే, నెల రోజులపాటు, ఒక్క రోజు నాగా లేకుండా. అప్పుడే నా నెత్తి మీద మెట్ల చెక్కలు చప్పుడు చేశాయి. దిగుతున్నారు. ఆ మెట్లు ఇరవై రెండు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఎవరు దిగుతున్నారో చెప్పులను బట్టి చెప్పగలను. ముందు మేడం బూట్లు, నెమ్మదిగా. వెనక ఇంజనీరువి, హుషారుగా. మేస్త్రి అడుగులు వినిపించనే లేదు.

మేడం నా బల్ల ముందు ఆగి పుస్తకం తిప్పింది. "రెండు వందల పదకొండు నుంచి పంతొమ్మిది దాకా. ఎక్కడ?"

"లేవు మేడం. తొమ్మిదీ లేవు. కొట్టెయ్యండి" అన్నాడు ఇంజనీరు. నేను తుడవడం ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు.

మేస్త్రి చెయ్యి చెవి వెనక సుద్ద దాకా వెళ్లి ఆగిపోయింది. "ఇప్పుడు రాస్తే కుదరదు" అంది మేడం ఆయన వైపు చూడకుండానే. కలం మూత తీసింది. ఎందుకో ఆగి, పుస్తకంలో ఉన్నది పైకి చదివింది.

"ఇందులో నాలుగు గడులు ఉంటాయి. నెంబరు, వస్తువు, చోటు, వాడుక. నాలుగో గడిలో అందరూ అడ్డగీత గీసి వదిలేస్తారు. ఇక్కడ రాసి ఉంది. రెండు వందల పంతొమ్మిది. మెట్ల కింద చోటు మొత్తం. వాడుక, ఇస్త్రీ పని, ఒక మనిషి నివాసం. ముప్పై ఒక్క ఏళ్లుగా."

ఇంజనీరు పుస్తకంలోకి తొంగి చూశాడు. "అదేంటి, మనుషుల్ని కూడా రాస్తారా?"

"వాడుక రాయమనే కదండీ గడి ఉంది" అన్నాడు మేస్త్రి. "ఏ వాడుకలో ఉన్నది ఆ వాడుకకే తిరిగి రావాలని ఆఫీసు వాళ్లే రాశారు."

"గోడ మీద ఉంటే కదా" అన్నాడు ఇంజనీరు.

నేను గుడ్డ బల్ల మీద పడేశాను. "నేనే తుడిచానమ్మా. నెల రోజుల నుంచి రోజూ తుడుస్తున్నాను. తుడిచినదాన్ని ఎక్కడ ఏముందో నాకు తెలియదా. అడగండి."

"ఆయన నేర్పించి ఉంటాడు మేడం" అన్నాడు ఇంజనీరు.

వీధి గుమ్మంలో నిలబడి చూస్తున్న పక్క కొట్టు గడియారాల రిపేరాయన అందుకున్నాడు. "వాళ్లిద్దరికీ మాటల్లేక నెలయిందండీ. ఆవిడ తిట్లు మాత్రం రోజూ విన్నాం. అందులో నెంబర్లేమీ లేవు."

మేడం నవ్వలేదు. వేలు పుస్తకం మీద పెట్టింది. "రెండు వందల పన్నెండు."

"కింద నల్లరాతి పలక."

"పద్నాలుగు."

"గోడలో గూడు."

"పదిహేడు."

"గాలి కోసం పెట్టిన కంత. పైన మూల."

"పదహారు."

"ఇనుప కొక్కెం. ఎడమ వైపు."

ఇంజనీరు చటుక్కున ముందుకు వచ్చాడు. "కొక్కెం కుడి వైపు ఉంది మేడం. చూడండి. పుస్తకంలోనూ ఎడమ అని ఉందా? అయితే అదీ తప్పే."

మేడం చూసింది. ఆవిడ నిలబడ్డ చోటి నుంచి కొక్కెం నిజంగానే కుడి వైపు ఉంది. ఎర్ర కలం కాగితానికి ఆనింది. మేస్త్రి నేల చూపులు చూస్తున్నాడు.

"అమ్మా, మీరు గిరాకీ నిలబడే చోట నిలబడ్డారు" అన్నాను. "నేను నిలబడే చోటికి వచ్చి చూడండి. తల వంచండి, దూలం కిందికి ఉంటుంది."

ఆవిడ కలం పట్టుకునే, వంగి, బల్ల పక్క నుంచి లోపలికి వచ్చింది. ఇంజనీరు కూడా వెంట వచ్చాడు కానీ తల వంచలేదు. టప్‌మని చప్పుడు వినిపించింది.

"అది రెండు వందల పదమూడండీ" అన్నాడు మేస్త్రి.

మేడం నా బల్ల వెనక వీధి వైపు తిరిగి నిలబడింది. ఎడమ చెయ్యి ఎత్తింది. కొక్కెం చేతికి అందింది. "పుస్తకమంతా గుమ్మంలోంచి చూసి రాశారు. ఇక్కడ మాత్రం ఇలా ఎందుకు రాశారు?" అని మేస్త్రిని అడిగింది.

"చోటు ఎవరిదైతే వాళ్లు నిలబడి చూసినట్టు రాశానండీ."

"రెండు వందల పంతొమ్మిది నెంబరు ఎక్కడ వేశారు?"

దానికి జవాబు నేను చెప్పాను. "మీరు దాని మీదే నిలబడ్డారమ్మా."

ఆవిడ కిందికి చూసింది. సుద్ద లేదు, అది కూడా తుడిచాను. కానీ నల్లరాతి పలకలో రెండు గుంటలు ఉన్నాయి. నా పాదాలంత, పక్కపక్కన. ముప్పై ఒక్క ఏళ్లు నిలబడితే రాయైనా అరగక ఏం చేస్తుంది. నేను రోజూ వాటి మీద నిలబడ్డాను కానీ ఎన్నడూ వంగి చూసుకోలేదు. మేడం బూట్లు విప్పి పక్కన పెట్టి, ఆ గుంటల్లో పాదాలు పెట్టి చూసింది. తర్వాత ఎర్ర కలానికి మూత పెట్టి, సంచిలోంచి ముద్ర తీసింది. నా ఇస్త్రీ బల్ల మీదే పుస్తకం పెట్టి తొమ్మిది ముద్రలు వేసింది.

ఇంజనీరు నుదురు తడుముకుంటూ వెళ్లిపోయాడు. ముప్పై రెండు మీటర్లకు ఇంకో చోటు చూసుకోవాలి కదా.

అందరూ వెళ్లాక మేస్త్రి పెయింటు డబ్బా తెచ్చుకుని, ఆ నెంబర్లనే చెరగకుండా రాయడానికి కూర్చున్నాడు. సాయంత్రం ఎండ మెట్ల సందుల్లోంచి ఆయన బట్టతల మీద పడుతోంది. నాకు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. అది నా నోటికి అలవాటు లేని మాట. అందుకని వేరే మాట వచ్చింది.

"ముందే చెప్పి చావొచ్చు కదా."

"నీకా? పొద్దున నీకు చెబితే మధ్యాహ్నానికి గిరాకీలందరికీ తెలుస్తుంది. సాయంత్రానికి ఇంజనీరుకు తెలుస్తుంది. ముద్ర పడకముందే ఆ గడిలో అడ్డగీత గీయించేవాడు."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. నేను దాచిన రహస్యం ఒక్కటైనా గుర్తు రాక మూసుకున్నాను.

"అయితే నేను తిడుతున్నంతసేపూ విని ఊరుకున్నావు."

"విన్నాను కాబట్టే రాయగలిగాను అక్కా. ముప్పై ఒక్క ఏళ్ల నుంచి ఇక్కడ ఉన్నానని నువ్వు తిట్టే ప్రతి తిట్టులోనూ చెప్పేదానివి."

పంతొమ్మిదో నెంబరు పూర్తి చేసి, కుంచె డబ్బా అంచుకు ఒత్తి తుడిచాడు. నావైపు చూడకుండా మాట్లాడాడు.

"ఈ వీధిలో ఇంకా మూడు పాత మేడలు ఉన్నాయి. అవి కూడా ఆ బిల్డరే కొన్నాడు. సోమవారం పుస్తకం మొదలుపెట్టాలి."

"రాసుకో. నీకు పండగే కదా."

"మూడు గడులు నాకు వచ్చు. నాలుగోది రాదు. గోడలైతే చూస్తాను కానీ, మనుషులు నా కంటికి ఆనరు. అక్కడ నన్ను తిట్టేవాళ్లు కూడా ఎవరూ లేరు. నీకు ఈ వీధిలో అందరి సంగతులూ తెలుసు. సోమవారం ఏడింటికి నాతో రా అక్కా. ఎవరు ఏ మూల కూర్చుని, ఏం పని చేసుకుంటూ, ఎన్నేళ్ల నుంచి ఉన్నారో నాకు చెప్పు. వాళ్లకు మాత్రం ఏమీ చెప్పకు."